శబ్దం రాని పాట

"ఇంకోసారి చెయ్యమ్మా. మీ నాన్న కూడా చూడాలి" అంది అమ్మమ్మ.

కళ్ళజోళ్ళ దుకాణం మూసి అతను అప్పుడే ఇంట్లో అడుగుపెట్టాడు. గొడుగు ఇంకా చేతిలోనే ఉంది. దాని కొసనుంచి కారిన నీళ్ళు గుమ్మం దగ్గర మడుగు కడుతున్నాయి. మరో రోజైతే ముందు ఆ మడుగు గురించే అక్షింతలు పడేవి. ఇవాళ అత్తగారు అటు చూడనైనా చూడలేదు.

వంటింట్లో పొయ్యి ఆపేసి ఉంది. బల్లమీద సగం తరిగిన ఉల్లిపాయలు అలాగే ఉన్నాయి. కిటికీ పక్క కుర్చీలో అతని అక్క కూర్చుని ఉంది. తడిసిన చెప్పులైనా విప్పకుండా, పాటల పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా ఉంది.

"ఇప్పటికి చాలాసార్లు చేశాను అమ్మమ్మా" అంది బొంగరం.

"అవన్నీ నాకు. ఇది మీ నాన్నకి."

ఎనిమిదేళ్ళ బొంగరానికి అంతకంటే బతిమాలించుకోవడం చేతకాదు. నడవాల్సిన చోటల్లా గిర్రున తిరుగుతూ వస్తుందని వాళ్ళమ్మ పెట్టిన పేరది. ఇప్పుడూ అలాగే ఒక చుట్టు తిరిగి స్టూలెక్కింది. చేతులు వెనక్కి కట్టుకుంది. గడ్డం కొంచెం పైకెత్తి, గుండె నిండా గాలి పీల్చుకుని పాట మొదలుపెట్టింది.

ఏమీ వినపడలేదు.

పెదాలు కదులుతున్నాయి. "మెల్లగ రావే చీకటీ, మా దీపం చిన్నదీ" అనే పాట అది. పెదాలు చూసి అతను పోల్చుకోగలడు. ఆ ఇంట్లో ఆ పాట వినని గోడ లేదు. దీర్ఘం వచ్చినచోట నోరు గుండ్రంగా తెరుచుకుంటోంది. ఊపిరి తీసుకోవలసిన చోట భుజాలు చిన్నగా లేస్తున్నాయి. శబ్దం మాత్రం లేదు. వాన హోరుకి తన చెవులే మూసుకుపోయాయేమోనని ఒక్క క్షణం అనుమానపడ్డాడతను.

పాట అయిపోయింది. బొంగరం నడుం వంచి సభకి దండం పెట్టింది.

"చూశావా నాన్నా? నాది అందరికంటే కష్టమైన పని. గాలి ఉండాలి, మాట ఉండాలి, శబ్దం రాకూడదు. మొదట్లో కొంచెం కొంచెం బయటికి వచ్చేసేది. ఇప్పుడు అస్సలు రాదు."

"ఎవరు చెప్పారమ్మా ఇలా చెయ్యమని?"

"అత్త."

పిల్ల మొహంలో దాపరికం లేదు, దిగులు లేదు. మెప్పు కోసం చూస్తోంది. అది ఇవ్వకుండా పక్కకి తప్పుకోవడం అతనివల్ల కాలేదు.

"చాలా బాగా చేశావు" అన్నాడు. రెండు చేతులతో స్టూలు మీదనుంచి దించాడు. "వెళ్ళి ఆ తడి సాక్సు మార్చుకో."

బొంగరం తిరుగుతూ వెళ్ళిపోయింది. ఆ గదిలో పెద్దవాళ్ళు ముగ్గురూ, ఉల్లిపాయల ఘాటూ మిగిలాయి.

"టీచరుగారూ, అడుగుతున్నానని ఏమనుకోకండి" అంది అమ్మమ్మ. ఆవిడ కోపంలో ఉన్నప్పుడే అల్లుడి అక్కని టీచరుగారూ అంటుంది. "ఊరందరి పిల్లలూ పాడతారు. మా పిల్ల నోరు తెరిచి మూస్తుంది. చేపలా."

"పిన్నిగారూ, నేను చెప్పేది కాస్త..."

"వినపడేట్టు చెప్పండి. పెదాలు మాత్రం కదిపితే నాకు తెలీదు. నేనంత చదువుకోలేదు."

అక్క సంచిని నేలమీద పెట్టింది. ఇంక బస్సు రాదని అర్థమైనట్టుంది.

"నాకు సరదా అనుకుంటున్నారా? సభామందిరంలో పిల్లల సంగీత సాయంత్రం అంటే ఇన్నేళ్ళూ పెద్ద బడులవాళ్ళనే పిలిచారు. చిన్నపిల్లలకి కుదురుండదు, శ్రుతి నిలవదు, మధ్యలో ఎవరో ఒకరు ఏడుస్తారు, ఇదీ వాళ్ళ వరస. ఈ బడికొచ్చిన దగ్గర్నుంచీ కాళ్ళరిగేలా తిరిగాను. చిన్నప్పుడు ఎక్కని వేదిక పెద్దయ్యాక ఎవరెక్కుతారండీ అని అడిగాను. చివరికి ఈ ఒక్కసారికి సరే అన్నారు. వచ్చే శనివారం మావాళ్ళు తడబడ్డారనుకోండి, మళ్ళీ ఏ చిన్నబడి పిల్లల్నీ ఆ గుమ్మం తొక్కనివ్వరు."

"అందుకని సొంత మేనకోడలి నోరు కట్టేశారు."

"సొంతది కాబట్టే కట్టాను. ఇంకొకళ్ళ పిల్లని ఊరుకోమని, మనపిల్లని పాడనిస్తే నన్నేమంటారు?"

"ఇప్పుడు నేనేమంటున్నానో అది వినపడటం లేదా?"

అతను గొడుగు మూలకి ఆనించాడు. అది జారి పడింది. మళ్ళీ నిలబెట్టాడు. ఈ ఇద్దరి మధ్యా ఏ మాట పెట్టినా ఏదో ఒకవైపు ఒరిగిపోతుందని అతనికి తెలుసు. రెండేళ్ళ క్రితం కూతురు పోయాక తన ఇంటికి తాళం వేసి, మనవరాలి జడ తాను వేస్తానంటూ వచ్చిన మనిషి ఒకరు. తమ్ముడి కూతురు చదివే బడిలోనే పని కావాలని అడిగి మరీ ఈ ఏడు బదిలీ చేయించుకుని, రెండు వీధుల అవతల గది తీసుకున్న మనిషి మరొకరు. ఇద్దరూ వచ్చింది పిల్లకోసమే. ఇప్పుడు కొట్లాట కూడా దానికోసమే.

"అక్కా, బొంగరం నిజంగా అంత తప్పుగా పాడుతోందా?"

అక్క తన వేళ్ళకేసి చూసుకుంది.

"మిగతా పాటలన్నీ బాగానే పాడుతుందిరా. ఇదొక్కటే. నేను ఇచ్చిన చోట మొదలుపెట్టదు. మొదటి మాటకే కిందికి దిగిపోతుంది. ఎత్తి పట్టుకుంటే మళ్ళీ జారుతుంది. గొంతేమో గుడిసె ఎగిరిపోయేంత. పక్కన ఇద్దర్ని లాక్కుపోతుంది, వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళని. చరణం తిరిగేసరికి సగంమంది ఒక ఊళ్ళో, సగంమంది ఇంకో ఊళ్ళో ఉంటారు." ఆగింది. "అసలు ఆ పాట ఎంచుకున్నదే దీనికోసం. వాళ్ళమ్మ పాట కదా, ముందే వచ్చు కదా, ధైర్యంగా పాడుతుందనుకున్నాను."

"మా అమ్మాయి పాడుతుంటే వీధిలోవాళ్ళు కిటికీలు తెరుచుకునేవాళ్ళు" అంది అమ్మమ్మ. గొంతులో వాడి తగ్గింది. "దాని కడుపున పుట్టినదానికి దాని పాటే రాదంటారా?"

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, సగంలో ఆపిన ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

అక్క లేచి సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా అతను వెంట వెళ్ళాడు.

"నువ్వొక్క మాట కూడా నా తరఫున అనలేదు" అంది అక్క, మెల్లగా.

"ఆవిడ తరఫునా అనలేదు."

"అదేరా నీతో వచ్చిన చిక్కు."

ఆమె వానలోకి అడుగు వెయ్యబోతుండగా వంటింట్లోంచి కేకలాంటి మాట వచ్చింది.

"బాబూ! ఆ గొడుగు తీసుకెళ్ళమనండి. రేపు ఆవిడకి జలుబు చేస్తే పిల్లలందరూ పెదాలే కదపాల్సొస్తుంది."

అక్క గొడుగు తీసుకుంది. నవ్వు రాకుండా ఆపుకోవడానికి కొంచెం కష్టపడింది.

*

మర్నాడు ఆదివారం. వాన వెలిసింది. అతను వరండా మెట్టుమీద కూర్చుని కూతురి బడి బూట్లకి పాలిష్ వేస్తున్నాడు. బొంగరం పక్కనే పాలగ్లాసు పట్టుకుని, తాగుతున్నట్టు కనిపిస్తూ తాగకుండా కూర్చుంది.

"నాన్నా, నిన్న అమ్మమ్మ అత్తని తిట్టింది నావల్లేనా?"

"నీవల్ల కాదు. పెద్దవాళ్ళు అప్పుడప్పుడు గట్టిగా మాట్లాడుకుంటారు."

"నేను గట్టిగా పాడితే మాత్రం వద్దంటారు."

అతను బ్రష్ ఆపాడు.

"బొంగరం, అత్త పాట ఎత్తుకోగానే నువ్వెందుకు కిందికి దిగిపోతావమ్మా?"

"నేను దిగను. అత్తే పైకెక్కుతుంది" అంది పిల్ల. "పాట అక్కడ ఉండదు నాన్నా. అత్త ఎక్కడో పైన వెతుకుతుంది. నేనేమో ఉన్న చోటికి వెళ్తాను."

"ఎక్కడుంది మరి?"

ఇంత పెద్దవాడికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూసింది. పాల మీసం తుడుచుకోకుండానే వేలు ఇంట్లోకి చూపించింది.

"పెట్టెలో."

ముందుగదిలో మూల బల్లమీద పూల గుడ్డ కప్పిన హార్మోనియం పెట్టె ఉంది. దానిమీద మడతపెట్టిన బట్టలు, వాటిమీద అతని కళ్ళజోళ్ళ డబ్బాలు, అన్నిటి పైనా ఎప్పటిదో పాత కేలెండరు. రెండేళ్ళుగా దాని మూత ఎవరూ తియ్యలేదు. తియ్యొద్దని అతను ఎవరితోనూ అనలేదు. బట్టలు పెట్టుకోవడానికి మంచి ఎత్తుగా ఉందని మాత్రం ఒకసారి అన్నాడు. అప్పటినుంచీ అమ్మమ్మ అక్కడే పెడుతోంది. ఆవిడకి అర్థమయ్యే పెడుతోందని అతనికీ తెలుసు.

అతను రెండో బూటుకి కూడా పాలిష్ వేసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు.

"పాలు తాగేసి, వెళ్ళి అత్తని పిలుచుకురా. గొడుగు కూడా తెమ్మను."

*

అక్క వచ్చింది. గొడుగు మూల పెట్టింది. అమ్మమ్మ రమ్మనలేదు, కూర్చోమనలేదు. కానీ కాసేపటికి ఆమె ముందు టీ కప్పు వచ్చి కూర్చుంది. చక్కెర తక్కువ, పాలు ఎక్కువ, సరిగ్గా ఆమె తాగే పద్ధతిలో.

"దేనికిరా పిలిచావు?"

"ఈ పెట్టె ఒకసారి వాయించి చూస్తావా?"

వంటింటి గుమ్మంలో అమ్మమ్మ చెయ్యి తుడుచుకోవడం ఆపేసింది.

అతను డబ్బాలు దించాడు. బట్టలు దించాడు. కేలెండరు దించాడు. గుడ్డ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. అతనికొక పిచ్చి ఊహ ఉండేది, ఎవరికీ చెప్పలేదు. చివరిసారి భార్య వాయించి మూత వేసినప్పటి గాలి ఇంకా ఆ తిత్తిలోనే ఉండి ఉంటుందని. మూత తీస్తే అది కాస్తా పోతుందని. అద్దాలు అరగదీసి నలుగురికీ చూపు సరిచేసే మనిషికి ఇదేం ఆలోచన అని తనని తానే కసురుకున్నాడు కూడా. అయినా ఆ ఊహ కదల్లేదు.

"నేను తియ్యనా?" అంది అక్క.

"వద్దు. నేనే తీస్తాను."

గుడ్డ లాగాడు. మూత ఎత్తాడు. వెనక తిత్తి కొక్కెం విప్పగానే అది దానంతట అదే కొంచెం తెరుచుకుని, ముసలిపిల్లి ఆవలించినట్టు చిన్న మూలుగు మూలిగింది. దుమ్ము లేచింది. అంతే. గాలి పోయింది. అతను అనుకున్నంత నొప్పిగా లేదు. గది ఎప్పటిలాగే ఉంది, వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొడుతున్నారు.

అక్క మోకాళ్ళమీద కూర్చుని, ఎడమ చేత్తో తిత్తి ఆడిస్తూ, పిల్లలకి రోజూ ఎత్తి ఇచ్చే తెల్ల మెట్టు మీదే వేలు పెట్టింది. "మెల్లగ రావే" అని పెట్టె పలికింది.

"చీకటీ!" అంది వరండాలోంచి గొంతు.

అది అనడం కాదు. పాడటం. గుడిసె ఎగిరిపోయే గొంతే, సందేహం లేదు. అయితే ఎక్కడా జారలేదు, దేన్నీ లాగలేదు. పెట్టె పలికిన దానిలోకి వచ్చి, తాళం చెవి తాళంలోకి వెళ్ళినట్టు కూర్చుంది. బొంగరం పాడుతూనే తిరుగుతూ గదిలోకి వచ్చింది. "మా దీపం చిన్నదీ" దగ్గర అక్క చేతులు ఆగిపోయాయి. పిల్ల ఆగలేదు. పెట్టె లేకుండానే చరణం పూర్తి చేసి, చివరి మాట పెట్టె ఎక్కడ ఎత్తిందో అక్కడే దించింది.

అక్క సంచిలోంచి చిన్న శ్రుతి గొట్టం తీసి ఊదింది. మళ్ళీ అదే మెట్టు నొక్కింది. రెండూ కలవలేదు.

"పెట్టె ఒక మెట్టు కిందుందిరా" అంది. "ఇన్నాళ్ళు మూలపడేసరికి దిగిపోయినట్టుంది. పిల్ల దీనికి సరిగ్గా పాడుతోంది."

"దిగిపోలేదు" అన్నాడతను. "దించాను."

ఇద్దరాడవాళ్ళూ అతనికేసి చూశారు.

"గొంతుకి జబ్బు చేశాక తను మునుపటి ఎత్తు అందుకోలేకపోయేది. ఒక మెట్టు కిందనుంచి వాయించుకోవచ్చు కదా అన్నాను, నాకు తెలిసింది అంతే కదా. వేళ్ళకి మళ్ళీ ఎక్కడ నేర్పను అంది. చిన్నప్పటినుంచీ ఆ మెట్టునుంచే వచ్చు తనకి. ఇంకో చోట పెడితే చేతులు దారి తప్పుతాయి అంది." అతను పెట్టె అంచు మీద దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "దుకాణంలో సన్న ఆకురాళ్ళు ఉన్నాయి కదా. లోపలి ఇత్తడి రేకులు ఒక్కొక్కటే తీసి మొదలు దగ్గర కొంచెం కొంచెం అరగదీసి శ్రుతి దించాను. నాకు వినికిడి జ్ఞానం సున్నా. తనే పక్కన కూర్చుని చెప్పేది. ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ చాలు అని. రెండు రేకులు విరగ్గొట్టాను కూడా. నవ్వింది తప్ప ఏమీ అనలేదు."

"నాతో ఎప్పుడూ అనలేదు" అంది అమ్మమ్మ. "గొంతు తగ్గిందా అమ్మా అంటే, లేదే అదే పాట, అక్కడినుంచే కదా పాడుతున్నాను, కావాలంటే నా వేలు చూడు అనేది."

వేలు చూపించి తల్లిని నమ్మించిన కూతురు తలపుకొచ్చి, ఆవిడ పమిట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. రోజూ తుడిచేది అల్లుడే.

అక్క మేనకోడల్ని దగ్గరికి లాక్కుంది. బొంగరం ఒళ్ళో ఇమడలేదు, అయినా కూర్చుంది.

"నీదేం తప్పు లేదే తల్లీ. నాకే వినడం రాలేదు."

"నేను చెప్పాను కదా అత్తా, నువ్వు పైకెక్కుతున్నావని."

"చెప్పావు. నేను పోట్లాడుతున్నావనుకున్నాను."

"అయితే ఇప్పుడు నా కష్టమైన పని ఇంకెవరికి ఇస్తావు?"

అక్క నవ్వబోయి మానుకుంది. తమ్ముడివైపు తిరిగింది.

"శనివారం వేదికమీద పెద్దవాళ్ళు వాయించకూడదట. పిల్లలకి అయిదో తరగతి రెండుజడల పిల్ల వాయిస్తుంది, బడి హార్మోనియం మీద. మీ ఆవిడలాగే దానికీ ఒక్క మెట్టునుంచే వచ్చు. వారంలో ఇంకో దారి నేర్పలేను. దాని వేళ్ళు మార్చకుండా పాట కిందికి దించాలంటే..." ఆపేసింది. మిగతాది ఆమె చూపు చెప్పింది. చూపు పెట్టె మీదుంది.

"ఇదే కావాలంటావు."

"మొత్తం బృందాన్ని పిల్ల దగ్గరికి తీసుకొస్తాను. వాళ్ళకీ ఇదే సుఖం, పైనేమంత హాయిగా లేరు. రేపటినుంచి సాధన కూడా దీనిమీదే చెయ్యాలి. ఆలోచించుకునే చెప్పు."

ఇంట్లోంచి పెట్టె బయటికి పోవడం. తెలియని చేతులు, బెంచీల మధ్య తోపులాట, ఎవరో మోచెయ్యి తగిలించడం. ఇవన్నీ అతని కళ్ళముందు ఒక్కసారి తిరిగాయి. ఆ రేకులు ఒకసారి పాడైతే, ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. ఇంకొంచెం అనేవాళ్ళు లేరు. చాలు అనేవాళ్ళు లేరు.

అతను జవాబు వెతుక్కుంటూ అత్తగారివైపు చూశాడు. ఆవిడ వద్దంటే బాగుండునని లోలోపల ఒక ఆశ.

అమ్మమ్మ లోపలికి వెళ్ళింది. చేతిలో పాత దుప్పటి పట్టుకుని తిరిగొచ్చింది.

"దీంట్లో చుట్టండి బాబూ. దారిలో గతుకులు." తర్వాత అక్కవైపు తిరిగి, "టీ చల్లారిపోయింది, మళ్ళీ పెడతాను ఉండమ్మా" అంది.

టీచరుగారు పోయి అమ్మా వచ్చినందుకు అక్క తల వంచుకుని, చల్లారిన టీనే గబగబా తాగేసింది.

*

సోమవారం పొద్దున్న దుకాణం ఆలస్యంగా తెరుస్తానని తలుపుకి చీటీ అంటించి, పక్కింటివాళ్ళ తోపుడుబండి అడిగి తెచ్చి, దుప్పట్లో చుట్టిన పెట్టెని అతనే బడికి తోసుకెళ్ళాడు. ఒక్కో గతుకు దగ్గరా బండి ఆపి ఎత్తి దాటించాడు. బొంగరం ముందు నడుస్తూ, ఎదురొచ్చిన సైకిళ్ళనల్లా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

బడికి పాటల గది లేదు. పిల్లలు అన్నాలు తినే పొడవాటి హాల్లోనే పాడతారు. బెంచీలు గోడకి జరిపారు. నేలంతా తడిగుడ్డ వాసన. పిల్లలు మూడు వరుసల్లో నిలబడ్డారు. ముందు వరుసలో ఒకడికి ముందు పళ్ళు రెండూ లేవు, వాడు ఆ సందులోంచి అప్పుడప్పుడూ ఈల వేసుకుంటున్నాడు. రెండుజడల పిల్ల పెట్టెముందు కూర్చుని, వేళ్ళు ఒకసారి గౌనుకి తుడుచుకుంది. హెడ్మిస్ట్రెస్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఇంత ఆలస్యంగా ఈ మార్పేమిటో ఆవిడకి ఇంకా నచ్చలేదని నిలబడ్డ తీరే చెబుతోంది.

"ఇవాళ కొత్త పెట్టె" అంది అక్క పిల్లలతో. "పాట కొంచెం కిందనుంచి వస్తుంది. భయపడకండి, చెవి పెట్టి వినండి, వచ్చినచోటే పట్టుకోండి. బొంగరం, నువ్వు మధ్య వరుసలో మధ్యన నిలబడు. గొంతు బయటికి. సరేనా?"

బొంగరం తలూపింది.

రెండుజడల పిల్ల తన తెల్ల మెట్టు నొక్కింది. అదే మెట్టు, అదే వేలు. పాట ఒక మెట్టు కింద లేచింది.

మొదటి పాదం గుసగుసలా వచ్చింది. రెండో పాదానికి ధైర్యం చిక్కింది. చరణం వచ్చేసరికి పిల్లలకి ఆ కొత్త చోటు నచ్చేసింది. మెడలు చాపడం మానేశారు. నిన్నటిదాకా గోడెక్కి పాడినవాళ్ళు ఇవాళ నేలమీద నిలబడి పాడుతున్నట్టున్నారు. పళ్ళులేనివాడి ఈల కూడా శ్రుతిలోనే ఉంది. అన్నాల హాలు ఆ పాటతో నిండిపోయింది. గుమ్మంలో హెడ్మిస్ట్రెస్ కట్టుకున్న చేతులు విప్పింది.

గోడకి జరిపిన బెంచీ చివర అతను కూర్చున్నాడు. పాటల గురించి అతనికి ఏమీ తెలియదు. కానీ ఈ పాట ఎక్కడ ఉంటుందో తెలుసు. ఒక్కొక్క రేకే ఒళ్ళో పెట్టుకుని అరగదీసిన చోటు అది. అంతమంది పిల్లలు అక్కడికి వచ్చి చేరారు. అతను దుప్పటి మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

అప్పుడు చూశాడు కూతురి వైపు.

మధ్య వరుసలో, మధ్యన, బొంగరం గడ్డం పైకెత్తి నిలబడి ఉంది. దీర్ఘం దగ్గర నోరు గుండ్రంగా తెరుచుకుంటోంది. ఊపిరి తీసుకునే చోట భుజాలు లేస్తున్నాయి. ఆ గొంతు ఆ గదిలో ఉంటే అతనికి తెలియకపోదు. లేదు.

అక్క కూడా పసిగట్టింది. పాట అయ్యేదాకా ఆగి, పిల్లల మధ్యలోంచి నడిచి వెళ్ళి, మేనకోడలి ముందు వంగింది.

"ఇంక ఆ పని అక్కర్లేదే బంగారం. నోరు తెరిచి పాడొచ్చు. అలవాటై రావట్లేదా?"

"వస్తోంది."

"మరి?"

బొంగరం పక్కవాళ్ళకేసి చూసింది. తర్వాత దూరంగా బెంచీ మీదున్న నాన్నకేసి చూసింది. రహస్యం చెప్పబోతున్నట్టు గొంతు తగ్గించింది. కానీ దాని రహస్యాలు ఎప్పుడూ గది దాటి వినపడతాయి.

"అందరూ అమ్మ పాడినచోటే పాడుతున్నారు కదా అత్తా. నేనూ పాడితే నాకు అది వినపడదు."

పళ్ళులేనివాడు ఈల ఆపేశాడు.

అక్క నిలబడి తమ్ముడివైపు తిరిగింది. ఏదైనా చెప్పరా అన్నట్టుంది ఆ చూపు. గుమ్మంలోంచి హెడ్మిస్ట్రెస్ చూపు కూడా అతనిమీదే ఉంది. ఇంతమందిని ఒక పిల్లకోసం కిందికి దించారు, ఇక శనివారం ఆ పిల్లే పాడదా అని అడగకుండానే అడుగుతోంది. అతను లేచాడు. దుప్పటి చేతిలోనే ఉంది. పాడమ్మా అనడానికి నోరు తెరిచాడు. ఆ మాట తన కూతురి దగ్గర్నుంచి దేన్ని లాక్కుంటుందో తెలిసి, మూసుకున్నాడు.

"ఇంకోసారి పాడించు అత్తా" అంది బొంగరం.

అక్క రెండుజడల పిల్లకి తలూపింది. తెల్ల మెట్టు పలికింది. పిల్లలందరూ ఊపిరి తీసుకున్నారు.

మధ్య వరుసలో పిల్ల కళ్ళు మూసుకుంది. ఈసారి ఆ పెదాలు కూడా కదల్లేదు.